రోడ్డు ఖాళీగానే వుంది కదా!

34 ఏళ్లపాటు బడిపిల్లలకు లెక్కలు చెప్పి, తప్పు చేసినవాణ్ణల్లా బెంచీ ఎక్కించిన నేను, 68వ ఏట, పరాయి దేశంలో, నడివీధిలో నిలబడి, ముక్కూ మొహం తెలియని ఒక ముసలమ్మ చేత చీవాట్లు తిన్నాను. ఆవిడ తిట్టిన భాష నాకు రాదు. అయినా ఒక్క ముక్క వృథా పోలేదు. తిట్లకు వ్యాకరణంతో పనేముంది!

సంగతేమిటంటే, 2023 వేసవిలో నేనూ మా ఆవిడా బెర్లిన్‌లో వున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లి మూడు నెలలు వున్నాం. వాళ్లుండేది పాంకో అనే పేటలో. ఆ దేశంలో ఆదివారం వస్తే దుకాణాలన్నీ కట్టేస్తారు. రొట్టెల దుకాణాలు మాత్రం కొన్ని పొద్దుటిపూట కాసేపు తెరుస్తారు. వెళ్లి వేడి రొట్టెలు పట్టుకొచ్చే పని నేను కోరి పుచ్చుకున్నాను. నాకు తోడు మా మనవడు. వాడికి అప్పుడు ఆరో ఏడు. భాషకు వాడు సాయం, చెయ్యి పట్టుకోవడానికి నేను సాయం.

దుకాణానికి వెళ్లాలంటే ఒక రోడ్డు దాటాలి. మా విజయవాడ బందరు రోడ్డంత వెడల్పు కాదు గాని, మధ్య ట్రాము పట్టాలున్న రోడ్డే. దాటేచోట సిగ్నలు వుంది. ఎర్రదీపంలో రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డ బొమ్మ. పచ్చదీపంలో టోపీ పెట్టుకుని చరచరా నడిచిపోయే బొమ్మ.

ఆ ఆదివారం ఇంకా ఏడు కాలేదు. కనుచూపు మేరలో బండి లేదు. ట్రాము చప్పుడు లేదు. ఎర్రబొమ్మ మాత్రం చేతులు చాపి నిలబడి వుంది. కుడివైపు చూశాను. ఎడమవైపు చూశాను. మళ్లీ కుడివైపు చూశాను. దిగి నడిచాను. సగం దాటాక చూసుకుంటే నా చేతిలో వాడి చెయ్యి లేదు. గుండె ఝల్లుమని వెనక్కి తిరిగితే, వాడు పేవ్‌మెంటు అంచునే నిలబడి, "తాతయ్యా! ఎర్రబొమ్మ! ఎర్రబొమ్మ!" అని అరుస్తున్నాడు.

అదిగో, అప్పుడే అవతలి వైపు కుక్కను తిప్పుకుంటున్న ముసలమ్మ మొదలుపెట్టింది. చూపుడువేలితో నన్ను చూపించింది, మనవణ్ణి చూపించింది, దీపాన్ని చూపించింది. ఆవిడ కుక్క కూడా నన్ను అదోలా చూసిందనిపించింది. పచ్చబొమ్మ వచ్చాక మావాడు దర్జాగా దాటి నా పక్కకు చేరాడు.

"ఏమిట్రా ఆవిడ అన్నది?" అని మెల్లిగా అడిగాను.

"పిల్లలు చూస్తుండగా అలా చెయ్యొచ్చా అంటోంది తాతయ్యా" అన్నాడు. కాస్త ఆలోచించి, "నువ్వు పెద్దవాడివే కదా?" అని అడిగాడు.

"పెద్దవాణ్ణి కాబట్టే చూసుకుని దాటానురా. రోడ్డు ఖాళీగానే వుంది కదా!" అన్నాను.

ఆ మాట వాడు మనసులో దాచుకుంటాడని నేననుకోలేదు.

ఇంట్లో పంచాయితీ

రొట్టెలు బల్లమీద పెట్టకముందే మనవడు నేరం దాఖలు చేశాడు. మా అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది.

"ఎర్రబొమ్మ వుండగా దాటితే ఇక్కడ 5 యూరోలు జరిమానా నాన్నా" అంది.

"అంటే మన డబ్బుల్లో?" అంది మా ఆవిడ.

"సుమారు 450 రూపాయలు."

"ఏమండీ, నాలుగడుగులకు 450 రూపాయలా! ఆ డబ్బుతో మనింట్లో వారం రోజుల కూరలు వస్తాయి" అని ఆవిడ తన తీర్పు తాను చెప్పేసింది.

"డబ్బు సంగతి కాదమ్మా" అంది అమ్మాయి. "ఈ వేసవి దాటితే వాడు ఒకటో తరగతిలో చేరతాడు. ఇక్కడ చాలామంది పిల్లలు బడికి ఒంటరిగా నడిచిపోతారు. కొన్నాళ్లు నేను తోడు వెళతాను. ఆ తరువాత వాడే ఆ రోడ్డు దాటాలి. ఆరు నెలలనుంచి వాడికి ఒక్క పాఠమే చెబుతున్నాను. ఎర్రబొమ్మ వుంటే ఆగు. పచ్చబొమ్మ వచ్చినా అటూ ఇటూ చూసి మరీ నడు. ఇంతకంటే పెద్ద పాఠం ఆరేళ్లవాడికి పట్టదు నాన్నా."

కూతురు నాకే పాఠం చెబుతోంది. పైకి ఏమీ అనలేదు గాని, లోపల మాత్రం ఒప్పుకోలేదు. నియమం దేనికి? బండి కింద పడకుండా వుండటానికి. బండే లేనప్పుడు నియమానికి పనేమిటి? వాన లేనప్పుడు గొడుగు పట్టుకు తిరగమన్నట్టు లేదూ?

ఆశ్చర్యమేమిటంటే, మా అల్లుడు నా పక్షాన నిలబడ్డాడు. అతను చదువుకున్నది కాలిఫోర్నియాలో.

"మామయ్యగారూ, మీరు చేసిన పని కాలిఫోర్నియాలో చేసివుంటే పోలీసువాడు పలకరించడు. అప్పటికప్పుడు బండి గుద్దే ప్రమాదం వుంటే తప్ప, నడిచేవాడికి ఇలాంటి తప్పుకు జరిమానా రాయకూడదని 2023 జనవరి 1 నుంచి అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది" అన్నాడు.

(న్యూయార్కు నగరసభ కూడా 2024లో అటువంటి చట్టమే చేసింది. మా అల్లుడు ఫోను చేసి మరీ ఆ వార్త చెప్పాడు.)

"అసలు రోడ్డు ఎవరిదండీ?" అని అతను అందుకున్నాడు. "మోటార్లు రాకముందు వీధి అంటే నడిచేవాళ్లది, ఆడుకునే పిల్లలది, తోపుడుబండ్లది. మోటార్లు వచ్చి జనాన్ని గుద్దడం మొదలుపెట్టాక, తప్పు బండిదా మనిషిదా అని అమెరికాలో పెద్ద తగాదా వచ్చింది. రోడ్డుకు అడ్డం పడి నడిచేవాణ్ణి మోటార్ల పక్షంవాళ్లు 'జేవాకర్' అని వెక్కిరించారు. 'జే' అంటే వాళ్ల యాసలో పల్లెటూరి బైతు అని. 1925లో లాస్ ఏంజెలెస్ నగరం అడ్డదిడ్డంగా రోడ్డు దాటడాన్ని నేరం చేసింది. నిన్నటిదాకా తనదైన వీధిలో మనిషి ఇవాళ బైతు అయిపోయాడు. ఆ సంగతి గుర్తుపెట్టుకోకుండా, దీపం వెలిగింది కాబట్టి నిలబడు అంటే ఎలా?"

నేను అల్లుణ్ణి మెచ్చుకుంటూ రెండో కప్పు కాఫీ తాగాను. అమ్మాయి మాత్రం, "ఆ చరిత్ర అంతా వాడు ఒకటో తరగతి పాసయ్యాక చెప్పండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

టోపీ బొమ్మ కథ

తీరిక వున్న ముసలివాణ్ణి కదా, ఈ దీపాల పుట్టుపూర్వోత్తరాలు కాస్త తిరగేశాను. మొట్టమొదటి సిగ్నలు దీపాన్ని 1868 డిసెంబరులో లండన్‌లో పార్లమెంటు భవనం దగ్గర నిలబెట్టారట. పగలు రైలు సిగ్నలులాగా చేతులు లేచేవి, రాత్రి గ్యాసుతో ఎర్ర, పచ్చ దీపాలు వెలిగేవి. దాన్ని తలపెట్టిన జాన్ పీక్ నైట్ రైల్వేలో పనిచేసిన మనిషే. మరుసటి నెలలోనే గ్యాసు పేలి, దీపం తిప్పే పోలీసు గాయపడ్డాడు. కరెంటు దీపాలు అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో 1914 ఆగస్టు 5న వచ్చాయి. ఇవన్నీ ముఖ్యంగా బండ్లను ఆపడానికీ, వదలడానికీ వచ్చిన దీపాలు.

మా మనవడు ప్రాణంగా చూసుకునే టోపీ బొమ్మకు తండ్రి మాత్రం కార్ల్ పెగ్లావ్ అనే ఆయన. రోడ్డుమీద మనుషుల మనసు ఎలా పనిచేస్తుందో పరిశీలించడమే ఆయన వృత్తి. 1961లో తూర్పు బెర్లిన్‌లో ఆయన ఈ బొమ్మలను ప్రతిపాదించాడు. వుత్త రంగు చూపిస్తే రంగులు పోల్చుకోలేనివాళ్ల గతేమిటి? అందుకని బొమ్మ పెట్టాడు. చేతులు చాపి నిలబడితే ఆగు, అడుగు వేస్తే నడు. చంటిపిల్లకు కూడా అర్థమయ్యే భాష. 1990లో రెండు జర్మనీలూ ఒకటయ్యాక పాత బొమ్మలను తీసేసి పశ్చిమ దేశపు బొమ్మలు పెట్టబోతే, జనం ఊరుకోలేదు. మా బొమ్మ మాకు కావాలని పట్టుబట్టి నిలుపుకున్నారు. రాజ్యం పోయినా బొమ్మ మిగిలింది!

ఇది చదివాక ఎర్రబొమ్మ మీద నాకు కాస్త గౌరవం కలిగిన మాట నిజం. గౌరవం వేరు, ఖాళీ రోడ్డు ముందు బెల్లంకొట్టిన రాయిలా నిలబడటం వేరు అని మాత్రం అనుకున్నాను.

లండన్ ఇచ్చిన ధైర్యం

జూన్‌లో ఒక వారం లండన్ వెళ్లాం. మా బావమరిది కొడుకు అక్కడ వుంటాడు. మొదటిరోజే చూశాను. ఆఫీసులకు పోయే జనం ఎర్రబొమ్మ ఎదుటే, సందు దొరికితే చాలు, గుంపుగా దాటిపోతున్నారు. పోలీసు చూసినా ఏమీ అనలేదు.

"ఇక్కడ నడిచేవాడికి ఎర్రబొమ్మ ఆజ్ఞ కాదు మామయ్యా, సలహా. దాటినంత మాత్రాన నేరం కాదు" అన్నాడు మావాడు.

మరి అక్కడ జనం పిట్టల్లా రాలిపోతున్నారా అంటే, లేదు. తక్కువ ప్రాణనష్టం జరిగే రోడ్లలో బ్రిటన్ రోడ్లు కూడా లెక్కకు వస్తాయి. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. మా అమ్మాయికి చెప్పవలసిన జవాబు దొరికిందని బెర్లిన్‌కు తిరిగి వచ్చాను.

ఆ బుధవారం సాయంత్రం

తిరిగివచ్చిన తరువాతి వారం. ఒక బుధవారం సాయంత్రం మనవడితో పార్కుకు బయలుదేరాను. అదే రోడ్డు, అదే సిగ్నలు. దాటేచోటికి కొంచెం ఇవతల సామాన్లు దించే వ్యాను ఒకటి ఆగివుంది. ఎర్రబొమ్మ వెలుగుతోంది. నేను జేబులో కళ్లజోడు వెతుక్కుంటున్నాను. నా చేతిలోంచి వేళ్లు జారిన సంగతి తెలిసేలోపల వాడు రోడ్డు మీదికి దిగాడు.

వ్యాను వెనకనుంచి ఒక సైకిలు వచ్చింది. మోటారు సాయంతో పోయే సైకిలు. చప్పుడు లేదు. నేను వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. సైకిలు మీద వస్తున్న అమ్మాయి హఠాత్తుగా పక్కకు తిప్పి, ట్రాము పట్టాలమీద జారి పడింది. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారింది. మావాడికి గోరంత గాయం కూడా కాలేదు.

ఆ పిల్లకు పాతికేళ్లుంటాయేమో. లేచి, మోకాలు తుడుచుకుని, వాణ్ణి ఏమీ అనలేదు. నావైపు తిరిగి ఏదో అడిగింది. వాడు వణుకుతూ తెలుగు చేశాడు.

"నీకు కనబడలేదా అని అడుగుతోంది తాతయ్యా."

నేను చేతులు జోడించాను. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు. ఆ అమ్మాయి సైకిలు నడిపించుకుంటూ కుంటుతూ వెళ్లిపోయింది. అప్పుడు వాడు బావురుమన్నాడు.

"రోడ్డు ఖాళీగానే వుంది కదా తాతయ్యా! నేను కూడా చూశాను. అటు చూశాను, ఇటు చూశాను..."

నా మాట నాకే తిరిగి వచ్చింది. పార్కుకు వెళ్లకుండా ఇంటికి వచ్చేశాం. జరిగింది అమ్మాయికి నేనే చెప్పాను. అది నన్ను ఒక్క మాట అనలేదు. కొడుకుని ఒళ్లో కూచోబెట్టుకుని చాలాసేపు వుండిపోయింది. మాట అనివుంటే బాగుండేదనిపించింది.

ఖాళీ అని ఎవరు చెప్పారు?

ఆ రాత్రి నిద్రపట్టక లెక్కలు వేశాను. వృత్తి లక్షణం పోదు కదా. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిలు ఒక్క సెకనులో దాదాపు 7 మీటర్లు వస్తుంది. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు దాదాపు 14 మీటర్లు. మనం తల అటునుంచి ఇటు తిప్పే వ్యవధి చాలు. ఇక చూసే కళ్లెవరివి? నాకు ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కంటికి ఇంకా తియ్యాలి. వాడు వ్యాను చక్రం కంటే కాస్త పొడుగు. అయినా మేమిద్దరమూ రోడ్డు ఖాళీ అని ధైర్యంగా తీర్పు చెప్పాం. సాక్షీ నేనే, న్యాయాధిపతీ నేనే, తొందరలో వున్న కక్షిదారూ నేనే. ఇలాంటి కచేరీలో తీర్పు ఎటు పోతుందో వేరే చెప్పాలా?

ఎర్రబొమ్మకు బుద్ధి లేదు, ఖాళీ రోడ్డును కూడా కాపలా కాస్తుంది అని దాన్ని ఎగతాళి చేశాను. కాని దానికి తొందర కూడా లేదు. శుక్లాలు లేవు. మన తీర్పు తప్పిన రోజున అక్కరకు వచ్చేది దాని మొండితనమే.

ఇంకో సంగతి. అదే వీధిలో తెల్లకర్ర పట్టుకుని నడిచే ఒకాయన్ని నేను రోజూ చూసేవాణ్ణి. అన్ని సిగ్నళ్లకూ టికటికమనే చప్పుడు వుండదు. అటువంటి చోట చూపులేనివాళ్లు ఏం చేస్తారు? బండ్ల చప్పుడు వింటారు. పక్కవాళ్ల అడుగుల చప్పుడు కూడా వింటారు. నలుగురు కదిలితే దారి తెరిచిందనుకుంటారు. నేను నా కళ్లను నమ్ముకుని దిగితే, ఆయన నా అడుగును నమ్ముకుని దిగవచ్చు. కాబట్టి పక్కన మనుషులున్నప్పుడు నా అడుగు నా ఒక్కడిదే కాదు.

మరి నష్టమెంత? రోజుకు నాలుగుసార్లు రోడ్డు దాటి, దాటినప్పుడల్లా 40 సెకన్లు ఆగాననుకోండి. ఏడాదికి 58,400 సెకన్లు. అంటే 16 గంటల 13 నిమిషాలు. ఈ అంకె పొద్దున మా ఆవిడకు గంభీరంగా చెప్పాను.

"మీరు రోజూ పేపరు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచే టైము ఏడాదికి ఎంతవుతుందో కూడా వెయ్యండి" అంది.

అయితే లండన్ సంగతేమిటని మీరు అడగవచ్చు. నేనూ ఆలోచించాను. అక్కడ దీపాన్ని సలహాగా తీసుకుంటారు గాని, చూపును సలహాగా తీసుకోరు. పిల్లలకు రోడ్డు దాటే పద్ధతి నేర్పడానికి 1970లోనే అక్కడ ప్రత్యేకంగా సూత్రాలు రాసి ప్రచారం చేశారు. ఆగు, చూడు, విను, అప్పుడు నడు. ఇంతకంటే ముఖ్యం, రెండు దేశాల్లోనూ బండి నడిపేవాడు తన ఎర్రదీపానికి ఆగుతాడు. అందుచేత నడిచేవాడు ఎక్కడో ఒకచోట పొరపడినా ప్రాణం దక్కడానికి వీలుంది. ఈ ముక్క నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం మా విజయవాడలోనే.

బొమ్మ వెలగని చోట

2024 డిసెంబరులో అమ్మాయి కుటుంబం సెలవులకు వచ్చింది. మనవడికి బట్టలు కొందామని బజారుకు తీసుకెళ్లాను. ఒక పెద్ద కూడలి దాటాలి. వాడు పేవ్‌మెంటు అంచున, అంటే పేవ్‌మెంటు వుండవలసిన చోట, బుద్ధిగా నిలబడ్డాడు.

"తాతయ్యా, మన బొమ్మ ఎక్కడ?"

స్తంభానికి బొమ్మ పెట్టె వుంది. అందులో దీపం వెలగడం లేదు. ఎన్నాళ్లనుంచి వెలగడం లేదో, పెట్టె మీద పిచిక గూడు కట్టే ప్రయత్నం కూడా చేసింది. సరే, బండ్లకు ఎర్రదీపం పడ్డాక దాటుదామన్నాను. ఎర్రదీపం పడింది. ముందు వరస మోటారు సైకిళ్లు వచ్చి చారల మీదే ఆగాయి. ఎడమవైపు తిరిగే బండ్లు ఆగనే లేదు. నాలుగడుగులు వేసేసరికి మళ్లీ పచ్చదీపం పడి హారన్లు మొదలయ్యాయి. వెనక్కి వచ్చేశాం.

ఇక్కడ కూడా ఒక లెక్క వుంది. మనిషి సెకనుకు నాలుగడుగుల కొలత నడుస్తాడని పూర్వం దీపాలకు గడువు కట్టేవారు. ముసలివాళ్లు అంత నడవలేరని అమెరికావాళ్లు 2009లో దాన్ని మూడున్నర అడుగులకు తగ్గించారు. సింగపూర్‌లో అదే 2009లో ఇంకో ఏర్పాటు చేశారు. వృద్ధులు తమ కార్డు స్తంభానికి తాకిస్తే పచ్చబొమ్మ మరికొన్ని సెకన్లు ఎక్కువ వెలుగుతుంది. నా మోకాళ్లతో నేను సెకనుకు మూడడుగులు మించి నడవలేను. ఆ కూడలి వెడల్పు 60 అడుగులుంటుంది. అంటే నాకు 20 సెకన్లు కావాలి. పచ్చబొమ్మ అంత గడువు ఇవ్వనప్పుడు, ఎర్రబొమ్మకు లొంగలేదని నన్ను తప్పుపట్టడం న్యాయమేనా?

మూడోసారి కూడా వెనక్కి వచ్చాక, తలమీద పూలబుట్ట పెట్టుకున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసింది.

"రండి బాబూ, ఇట్టా నిలబడితే తెల్లారిద్ది. నా ఎనకమాలే రండి" అని ఒక చేత్తో బుట్ట పట్టుకుని, రెండో చెయ్యి బండ్లవైపు చాచి నడిచింది. ఆవిడ వెనక మేము, మా వెనక ఇంకో పదిమంది. బండ్లు విసుక్కుంటూ ఆగాయి. బెర్లిన్‌లో ఒక ముసలమ్మ నన్ను దాటినందుకు తిట్టింది. విజయవాడలో ఒక ముసలమ్మ నన్ను దాటించింది. ఇద్దరి ఆరాటమూ ఒకటే.

అవతలికి చేరాక మనవడు, "తాతయ్యా, ఆ మామ్మ చేతులు చాపిన బొమ్మలాగే వుంది. ఇక్కడ రూలు ఏమిటి?" అన్నాడు.

వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ప్రభుత్వం లెక్కల ప్రకారమే 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32,825 మంది నడిచిపోతున్నవాళ్లు. అంటే రోజుకు 90 మంది. బజారుకు వెళ్లి వస్తానని చెప్పి బయలుదేరి, తిరిగి గడప తొక్కనివాళ్లు.

నా తీర్పు

తీరిగ్గా ఆలోచించి వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. సిగ్నలు దీపం రెండు పక్షాల మధ్య ఒప్పందం. నీ వంతులో నేను ఆగుతాను, నా వంతులో నువ్వు ఆగు. ఖాళీ రోడ్డు ముందు నిలబడటం దీపానికి భయపడి కాదు. ఆ ఒప్పందంలో నా వాటా నేను నిలుపుకోవడానికి. ఎవరూ లేనప్పుడు కూడా నిలుపుకుంటేనే అది అలవాటవుతుంది. అలవాటైనదే తొందరలో అక్కరకు వస్తుంది. కాబట్టి దీపం పనిచేసే చోట, మన వంతు తప్పక వచ్చే చోట, ఆగాలి. పక్కన పిల్లవాడు వుంటే ఇక మాటే లేదు, ఆగి తీరాలి. పిల్లలు మనం చెప్పింది వినరు, చేసింది చేస్తారు.

అర్ధరాత్రి, ఒంటరిగా, నాలుగువైపులా బాగా కనబడే చోట, మంచి చూపున్న మనిషి దాటాడనుకోండి. అతను పాపాత్ముడని నేననను. బ్రిటన్ చట్టమే అనడం లేదు. కాని ఆ మంచి చూపు తనకుందని ఎవరికి వారే సర్టిఫికెట్టు ఇచ్చుకోవాలి. నేను నాకు ఇచ్చుకోవడం మానేశాను.

ఇక దీపమే వెలగని చోట, వెలిగినా గడువు చాలని చోట, బండ్లు ఆగని చోట? అక్కడ నిలబడమని మనల్ని ఆజ్ఞాపించే హక్కు ఎవరికీ లేదు. అక్కడ మన కళ్లే దీపాలు, చాచిన చెయ్యే బొమ్మ. పదిమంది కలిసి, మెల్లిగా, పరుగెత్తకుండా దాటాలి. అయితే దాటేసి వూరుకోకూడదు. దీపం వెలిగించమనీ, గడువు పెంచమనీ అడగాలి. బండి నడిపే రోజున ఆ చారల ముందు మనం కూడా ఆగాలి. నడిచేటప్పుడు ఒక న్యాయం, స్కూటరెక్కగానే ఇంకో న్యాయం పనికిరావు. ఇది మా అబ్బాయిలకూ చెప్పాను, మీ అబ్బాయిలకూ చెప్పండి.

ఇప్పుడు నేను పొద్దున్నే నడకకు వెళ్లే దారిలో ఒక సిగ్నలు వుంది. అదృష్టవశాత్తూ పనిచేస్తుంది. ఏడు గంటలకు రోడ్డు చాలావరకు ఖాళీ. బండ్లకు పచ్చదీపం వున్నంతసేపూ నేను ఇవతల నిలబడతాను. అవతల టీకొట్టు అతను మొదట్లో నవ్వేవాడు.

"మాస్టారూ, ఎవరూ రావడం లేదు గదండీ, వచ్చెయ్యండి!"

"వస్తున్నానయ్యా, ఇంకో పన్నెండు సెకన్లు" అనేవాణ్ణి.

ఇప్పుడు నవ్వడం మానేశాడు. దీపం మీద అంకెలు పదికి దిగగానే నాకు టీ పొయ్యడం మొదలుపెడతాడు.

ఆదివారం ఆదివారం బెర్లిన్‌నుంచి ఫోను వస్తుంది. మనవడు ఇప్పుడు ఆ రోడ్డు ఒంటరిగానే దాటి బడికి వెళుతున్నాడు. వాడు మొదట అడిగేది నా మోకాళ్ల సంగతి కాదు.

"తాతయ్యా, ఇవాళ ఆగావా?" అంటాడు.

ఆగానని నిజం చెప్పగలగడానికి, ఏడాదికి 16 గంటల 13 నిమిషాలు నాకేమీ ఎక్కువ కాదు.